ప్రసార మాధ్యమాల్లో పురుష వివక్ష వాదన: కోనసీమ యాస నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు టెలివిజన్‌లో వ్యాఖ్యాత స్థానాలు స్త్రీలకే దక్కుతున్నాయని, పురుషులకు అన్యాయం జరుగుతోందని ఒక వాదన ఉంది. దీన్ని వేళాకోళం చేసి వదిలేయడం సులువు. పురుషుని పట్ల జరిగినా వివక్ష వివక్షే కనుక, వాదనను దాని ఆధారాల మీదనే పరీక్షించాలి. తెరమీది ముఖాలను లెక్కించడం అందుకు చాలదు. ఏ పనికి, ఎవరు, ఏ ప్రమాణంతో ఎంపిక చేశారో తేలాలి.

చరిత్ర ఈ వాదనకు అంతగా తోడురాదు. 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌ను 'తొలి న్యూస్‌రీడర్' అంటారు. ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన జోలెపాళెం మంగమ్మను మాత్రం 'తొలి మహిళా న్యూస్‌రీడర్' అంటారు. నటుడు కొంగర జగ్గయ్య కూడా ఢిల్లీ ఆకాశవాణిలో వార్తలు చదివినవారే. ఆయన పేరు ముందు 'పురుష' అన్న మాట ఎవరికీ అవసరపడలేదు.

చట్టం విషయంలో వాదనకు కొంత బలం ఉంది. 1976 నాటి సమాన వేతన చట్టంలోని 5వ సెక్షన్ నియామకాల్లో స్త్రీల పట్ల వివక్షను నిషేధించింది. పురుషుని ఫిర్యాదుకు అందులో చోటు ఉండేది కాదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం లింగవివక్షను నిషేధించినా, అది ప్రభుత్వోద్యోగాల వరకే. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతి 3వ సెక్షన్‌లో 'స్త్రీల పట్ల' అన్న పరిమితి తొలగి, లింగ ప్రాతిపదికన జరిగే వివక్ష అన్న విస్తృతార్థం వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే ఎపిసోడ్‌కు ఇంత అన్న ఒప్పందం మీద పనిచేసే వ్యాఖ్యాత అసలు ఉద్యోగి అవుతాడా అన్న చిక్కు మిగిలే ఉంది.

ఈ ఫిర్యాదు న్యాయస్థానం దాకా వెళ్లిన ఉదాహరణ అమెరికాలో దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని సీబీఎస్ కేంద్రాలు వాతావరణ వార్తలకు అందమైన యువతులనే తీసుకుంటూ తనను కాదన్నాయని కైల్ హంటర్ 2012లో దావా వేశాడు. వాతావరణ వ్యాఖ్యాతను ఎంచుకోవడం సంస్థ భావప్రకటన స్వేచ్ఛలో భాగమని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2013లో భావించి, ఆరోపణలోని బలాబలాలు చూడమని కేసును కింది కోర్టుకు పంపింది. దీనికి మూడు దశాబ్దాల ముందు కాన్సాస్ సిటీలో క్రిస్టీన్ క్రాఫ్ట్‌ను వార్తావ్యాఖ్యాత స్థానం నుంచి తప్పించారు. వయసు మీరిందని, ఆకర్షణ లేదని, మగవారి పట్ల అణకువ చూపదని తనను తప్పించారని ఆమె ఫిర్యాదు. 1983లో జ్యూరీ 5 లక్షల డాలర్ల పరిహారం ప్రకటించినా ఆ తీర్పు నిలవలేదు. రెండు కేసులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. హంటర్ ఆరోపణ నిజమే అనుకున్నా, అతన్ని బయట నిలిపిన కొలబద్ద, క్రాఫ్ట్‌ను బయటకు పంపిన కొలబద్ద ఒక్కటే: యౌవనం, రూపం. ఆ కొలబద్దను స్త్రీలు తయారుచేశారనడానికి ఆధారం ఏ కేసులోనూ లేదు.

రూపంతో పాటు తెలుగు ప్రసారాల్లో మరో కొలబద్ద ఉంది. అది యాస. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక విభజనలో ఉభయ గోదావరి జిల్లాలు మధ్యమండలంలోనివి. ఈ మండలపు విద్యావంతుల వ్యవహారమే ఆధునిక ప్రమాణభాషకు ఆధారమని భాషాశాస్త్రజ్ఞులు సాధారణంగా అంగీకరిస్తారు. అయినా కోనసీమవాసి పెద్దలకు బదులుగా పలికే 'ఆయ్', మాటమాటకూ చేర్చే 'అండి' తెరమీదికి వచ్చేసరికి హాస్యపాత్రకు గుర్తులవుతాయి. (మర్యాదకు పుట్టిన మాటలు నవ్వులాటకు పనికిరావడం విచిత్రమే.) ప్రమాణభాషకు పునాది వేసిన ప్రాంతపు గొంతు వార్తల బల్ల దగ్గర మాత్రం తన పలుకుబడిని దాచుకోవలసి వస్తోంది.

పురుష వివక్ష వాదన ఈ సంగతిని పట్టించుకోదు. కొత్తపేట యువకుణ్ణి ఎంపికలో కాదన్నారంటే కారణం పురుషుడు కావడమా, ముఖమా, పలుకా, పరిచయాలు లేకపోవడమా అన్నది విడదీసి చూడాలి. 2020లో బీబీసీపై సమీరా అహ్మద్ గెలిచింది ఇలాంటి విడదీతతోనే. తనకు ఎపిసోడ్‌కు 440 పౌండ్లు, అటువంటి పనికే జెరెమీ వైన్‌కు 3,000 పౌండ్లు ఇచ్చారని ఆమె పక్కపక్కన పెట్టి చూపింది. తెలుగు చానళ్ల పారితోషికాలు, ఎంపిక వివరాలు బయటికి వస్తే ఇక్కడా అలాంటి పోలిక సాధ్యమవుతుంది. అప్పుడు కొత్తపేట యువకుని ఫిర్యాదు పక్కన, అదే ఎంపికకు రాజోలు నుంచి వెళ్లిన యువతికి ఏమైందన్నది కూడా ఉంచి చూడవలసి ఉంటుంది.