భయానికీ ఒక గడి

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, అంటే ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ, 1992లో ఒక కొలమానాన్ని అచ్చువేసింది. పేరు బేసిక్-ఎంఆర్. తయారుచేసినవారు రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్. మేధో వైకల్యం ఉన్న బడిపిల్లల కోసం చేసిందే తప్ప ధ్యాస నిలవక, కుదురులేక ఇబ్బందిపడే ఏడీహెచ్‌డీని నిర్ధారించడానికి కాదు. అయినా కుదురులేనితనాన్నీ భయాన్నీ కలిపేయకుండా చూడడం ఎలాగో దాని పనితనంలో ఉంది.

మొదటి భాగంలో 280 నైపుణ్యాలు. నన్ను కట్టిపడేసేది రెండో భాగం. అందులో పది వర్గాల కింద 75 ప్రవర్తనలున్నాయి. పొగరు, మొండితనం, బద్ధకం వంటి తీర్పులకు అక్కడ చోటులేదు. కంటికి కనిపించే పనే రాయాలి. ఒకచోట కూర్చోవలసినంతసేపు కూర్చోకపోవడం అలాంటిదే. ఎంతసేపు కూర్చోవాలన్నది పనిని బట్టి ఉంటుంది కాబట్టి, పిల్లవాడితోపాటు తానిచ్చిన పనినీ టీచరు తూచుకోక తప్పదు. ఎప్పుడూ లేకపోతే 0, అప్పుడప్పుడైతే 1, తరచుగా అయితే 2. కొన్ని నెలల తర్వాత మళ్లీ అదే కాగితం నింపితే పిల్లవాణ్ణి నిన్నటి తనతోనే పోల్చవచ్చు, పక్కింటి పిల్లవాడితో కాదు.

పదో వర్గం భయాలు. కొట్టడం, విసిరేయడం, ఎదురుతిరగడం తరగతిని ఇబ్బంది పెడతాయి. బిక్కచచ్చి కూర్చున్న పిల్ల వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. అయినా ఆమె భయానికి ఇక్కడ ఒక గడి ఉంది. ఈ కాగితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆందోళన కూడా ఉంటుంది. దిగులు మనసులో తిష్టవేస్తే, అప్పుడే విన్న మాటను గుర్తుంచుకుని పని పూర్తిచేసే శక్తి ఇంకా తగ్గుతుంది. తొందరపాటు విషయం వేరు. సైగ రాగానే చెయ్యి ఆపాల్సిన పరీక్షల్లో, ఆందోళన కూడా ఉన్న పిల్లలు మిగతా ఏడీహెచ్‌డీ పిల్లలకన్నా మెరుగ్గా ఆగారని కొన్ని అధ్యయనాలు చూపాయి. అన్నీ అలా చెప్పలేదు. కాబట్టి లెక్క సగంలో వదిలేసిన ఇద్దరిలో ఒకరి ధ్యాస కిటికీ వైపు పోయి ఉండవచ్చు, రెండోవారు తప్పు రాస్తానేమోనని వణికి ఉండవచ్చు. గడిలో ఇద్దరికీ పడేది అదే అంకె. ఆ తేడా తెలిసేలా, బేసిక్-ఎంఆర్ తయారుచేసినవారే టీచర్ల కోసం రాసిన కరదీపిక, పిల్లవాడు చేసిన పనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అన్నవి కూడా రాసుకోమంటుంది. లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిచినప్పుడే పిల్లవాడు చాక్‌పీసు విసిరేస్తున్నాడా? విసిరాక ఆ లెక్క చేయాల్సిన పని తప్పుతోందా? అప్పుడు శిక్ష వేస్తే భయమే పెరుగుతుంది.

ప్రవర్తనను ఇలా ఓపికగా గమనించి చేసే సాయానికి ఫలితం ఉందనడానికి అమెరికా, కెనడాల్లో 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలపై జరిపి 1999లో ప్రచురించిన ఎంటీఏ అధ్యయనం ఆధారం. ఆందోళన కూడా ఉన్న పిల్లలకు ప్రవర్తనా చికిత్స, మిగతావారికన్నా ఎక్కువ మేలుచేసింది.

అయితే బేసిక్-ఎంఆర్ భయాల వర్గం చోట్లు, మనుషులు, జంతువులు, వస్తువుల దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి ఫలితాల గురించి రాత్రంతా నిద్రపోని అమ్మాయి దిగులు అందులో పట్టదు. ఆ వయసువాళ్ల కొలమానంలో కొన్ని గళ్లు వాళ్లే నింపుకునేలా ఉండాలి.