నూనె డబ్బా కంటే ముందు చెవి

సైకిల్ చైను కిర్రుమంటే మనవాళ్ళ చెయ్యి ముందు నూనె డబ్బా మీదికి పోతుంది. ఆ సైకిల్‌కు బ్యాటరీ, మోటారు కూడా ఉంటే చెయ్యి ఫోను మీదికి పోతుంది, షాపువాడికి కబురు పెట్టడానికి. రెండూ తొందరపాటు పనులే. చప్పుడు దేనిదో తేల్చుకోకుండా చేసే మరమ్మతు మరమ్మతే కాదని నా గట్టి నమ్మకం. సూరత్‌లో ఉన్న తెలుగువాళ్ళకు ఈ మాట ఇంకెవరికన్నా సులువుగా అర్థమవుతుంది.

ఎందుకంటే ఇక్కడి మనవాళ్ళది చెవితో బతికిన బతుకు. లింబాయత్, ఉధ్‌నా గల్లీల్లో తెలుగు వినపడని పూట ఉండదు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు ఇక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తూ స్థిరపడ్డారు. సాంచాలు నడిచే షెడ్డులో పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. అంత మోతలోనూ తాను చూసుకునే సాంచాల్లో ఒకటి లయ తప్పితే కార్మికుడి తల ఇట్టే అటు తిరుగుతుంది. నాడె దెబ్బ ఆలస్యంగా పడుతోందా, ఎక్కడైనా బోల్టు వదులైందా అన్నది చూడకముందే సగం తెలిసిపోతుంది. దశాబ్దాల పనిలో అబ్బిన విద్య అది. సాంచ దిగిపోయాక దానికి పనే లేదనుకుంటారు గానీ, అది పొరపాటు.

మా గల్లీలో ఒక కుర్రాడు రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్‌లో పనిచేస్తాడు. కరెంటు మౌంటెన్ బైక్ కొనుక్కున్నాడు. సూరత్‌లో కొండ లేదు. డాంగ్ జిల్లాలోని సాపుతారా వైపు పోతే గానీ చెప్పుకోదగ్గ ఘాట్ రోడ్డు దొరకదు. అయినా లావు టైర్లు, ముందు షాకులు గుంతల దారికి పనికొస్తాయి కాబట్టి ఈ బండ్లు ఇక్కడ బాగానే తిరుగుతున్నాయి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అదొక వెసులుబాటు. ఆ అబ్బాయి డుమస్ సముద్రం ఒడ్డున నల్ల ఇసకలో తొక్కి వచ్చిన కొద్దిరోజులకు వెనక నుంచి టక్కు టక్కుమని చప్పుడు మొదలైంది. షాపులో చూపిస్తే మోటారు లోపల పళ్ళు అరిగాయి, మార్చాలి అన్నారట. వాడి జీతానికి అది చిన్న ఖర్చు కాదు.

గల్లీలో ఉండే ఒక పెద్దాయన, సాంచాలు బాగుచేసి రిటైరైన మనిషి, అరుగు మీద కూర్చుని ఇదంతా విన్నాడు.

"కాకా, మోటారు పోయిందంటున్నరు," అన్నాడు కుర్రాడు.

"పోతే పోయింది గని బిడ్డా, నువ్వు తొక్కుతుంటే వస్తుందా, తొక్కకున్నా వస్తుందా? ముందుగాల అది చెప్పు."

కుర్రాడి దగ్గర జవాబు లేదు. షాపులో ఎవరూ అడగలేదు మరి! నిజానికి రోగ నిర్ణయమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే మొదలవుతుంది. మన దగ్గర దొరికే ఈ-సైకిళ్ళలో ఎక్కువ వాటికి మోటారు వెనక చక్రం ఇరుసులోనే ఉంటుంది. చైనుకూ ఆ చక్రానికీ మధ్య, చైను ఆగినా చక్రాన్ని ముందుకు తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉంది. అందుకని వెనక చక్రం నేలకు ఆనకుండా ఎత్తిపట్టి, పెడల్ ముట్టుకోకుండా థ్రాటిల్ ఒక్కటే తిప్పితే చక్రం తిరుగుతుంది, చైను దాదాపు కదలదు. అప్పుడూ చప్పుడు వస్తే చూడాల్సింది మోటారును, బ్రేకును, చక్రాన్ని. రాకపోతే అనుమానం చైను వైపు తిరగాలి. మేం అలాగే చేశాం, చేతులు చువ్వలకు దూరంగా పెట్టుకుని. మోటారు సన్నటి గీమనే మోత తప్ప ఏమీ లేదు. తర్వాత కరెంటు ఆపేసి కాళ్ళతో తొక్కమంటే టక్కుమంది.

ఇక లయ. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ముందు పళ్ళచక్రానికి 32 పళ్ళు, చైనుకు 112 లింకులు అనుకోండి. చైను పూర్తిగా ఒక చుట్టు తిరిగి రావాలంటే పెడల్ మూడున్నర చుట్లు తిరగాలి. కాబట్టి చప్పుడు పెడల్ చుట్టుకొకసారి వస్తే తప్పు పెడల్‌లోనో, క్రాంకులోనో, ముందు పళ్ళచక్రం పన్నులోనో ఉంటుంది. మూడు నాలుగు చుట్లకొకసారి వస్తే చైనులో ఒకే ఒక్క లింకు పాడైందన్నమాట. ఒక్క గేరులోనే వచ్చి మిగతా వాటిలో పోతే గేరు తీగ బిగింపు చూడాలి, లేదా గేరు మార్చే చెయ్యి తగిలించిన కొక్కెం వంగిందేమో చూడాలి. బలంగా తొక్కినప్పుడు కిర్రుమని, సీటు మీంచి లేచి తొక్కితే ఆగిపోతే అది సీటు గొట్టం. పాపం చైనుకు ఏ సంబంధమూ లేదు.

పెద్దాయన కళ్ళు మూసుకుని పెడల్ చుట్లు లెక్కపెట్టాడు. "మూడు దాటినంక కొడుతుంది. చైనుల ఒక కణుపు పట్టేసింది," అన్నాడు. పెడల్‌ను చేత్తో మెల్లగా వెనక్కి తిప్పుతూ గేరు కిందున్న రెండు చిన్న చక్రాల దగ్గర చూశాం. ఒక లింకు అక్కడ వంగకుండా చిన్నగా ఎగిరి పడుతోంది. డుమస్ ఉప్పు దాని పిన్నులోకి దిగి తుప్పు పట్టించింది. ఆ లింకుకు అటూ ఇటూ రెండు చేతులతో పట్టుకుని పక్కకు మెల్లగా వంచి, చుక్క నూనె వేసి, మళ్ళీ వంచితే వదులైంది. మోటారు మార్చాలన్న మాట అక్కడితో పోయింది.

ఈ-సైకిల్‌ను ముట్టుకోవడమే కొత్త అయిన మనిషికి తప్పు ఇంత సులువుగా దొరకడం చూసి కుర్రాడు ఆశ్చర్యపోయాడు. నాకు మాత్రం అది సహజంగానే తోచింది. ఈ చైను పుట్టిల్లు బట్టల మిల్లే. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హన్స్ రెనాల్డ్ 1879లో మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో, నేత పరిశ్రమ యంత్రాలకు చైన్లు చేసే ఒక చిన్న కార్ఖానా కొన్నాడు. మరుసటి ఏడాదే బుష్ రోలర్ చైను తయారుచేశాడు. నేటి సైకిల్ చైను దాని సంతానమే.

లింకు వదిలాక పని అయిపోయిందనుకోకూడదు. చైను అరిగేది పైన కనిపించే చోట కాదు, లోపల పిన్ను రాసుకునే చోట. సూరత్ గాలిలో సాంచాల నుంచి లేచే పాలిస్టర్ నూగు ఉంటుంది, మెట్రో తవ్వకాల దుమ్ము ఉంటుంది, వానాకాలం తేమ సరేసరి. ఇవన్నీ అంటుకున్న చైను మీద కొత్త నూనె పోస్తే ఆ నూనే దుమ్మును లోపలికి మోసుకుపోతుంది. చప్పుడు రెండు రోజులు ఆగుతుంది, అరుగుదల మాత్రం పెరుగుతుంది. నూనె డబ్బా మీద నాకు కోపం అందుకే.

అందుకని నూనెకు ముందు చైను శుభ్రం చేయాలి. మొదట కరెంటు ఆపి బ్యాటరీ తీసి పక్కన పెట్టాలి. పాత బ్రష్షుతో, కొంచెం డీజిల్‌తో చైను తోమి, గుడ్డకు నలుపు అంటడం తగ్గేదాకా తుడవాలి. సర్వీస్ సెంటర్ ప్రెషర్ నీళ్ళు మాత్రం కొట్టించొద్దు, మోటారు తీగల్లోకి, బేరింగుల్లోకి పోతాయి. బాగా ఆరనిచ్చి, ఒక్కో రోలర్ మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ కాసేపు తిప్పి, పైన మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. చాలామంది ఈ చివరి పని చెయ్యరు, దుమ్ము పట్టేది ఆ మిగులు నూనెకే. బ్రేకు డిస్కు మీద ఒక్క చుక్క కూడా పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. తుప్పు వదిలించే స్ప్రే నూనెకు బదులు కాదు.

మోటారు పెడళ్ళ దగ్గర ఉండే ఖరీదైన బండ్ల సంగతి వేరు. వాటిలో కాళ్ళ బలం, మోటారు బలం రెండూ ఒకే చైను మీద పడతాయి. బాష్ పెర్ఫార్మెన్స్ లైన్ సీఎక్స్ లాంటి మోటారు చాలా ఎక్కువ తిప్పుడు బలం ఇస్తుంది. అలాంటి బండి మీద గేరు మార్చే క్షణంలో కాలి ఒత్తిడి తగ్గించడం తప్పనిసరి. లేకపోతే చైను కరకరమంటుంది, త్వరగా పోతుంది. ఇరుసు మోటారు బండ్లకు ఆ బాధ లేదు గానీ, మోటారు ఉంది కదా అని పెద్ద గేరులోనే బయల్దేరే అలవాటు వాటి చైనుకూ మంచిది కాదు.

అరిగిన చైనును మార్చకుండా తొక్కితే అది పళ్ళచక్రాలను కూడా అరగదీస్తుంది, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. అరుగుదల తెలుసుకోవడానికి ప్రత్యేక పనిముట్టు అక్కర్లేదు. చైను లింకు కొలత అరంగుళం. బిగువుగా ఉన్న చైను మీద స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమధ్యకు పెట్టండి. అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. అర సూతు, అంటే అంగుళంలో పదహారో వంతు దాటితే కొత్త చైను కొనే వేళయింది. ఒక సూతు దాటితే వెనక పళ్ళచక్రాలు కూడా చూపించుకోవాలి. ఆ స్కేలు మీ పిల్లల బడి సంచిలోనే ఉంటుంది, ఈ ఆదివారం ఒకసారి పెట్టి చూడండి.