మూడో ఏటి ఫోన్

2016 ఆగస్టులో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకోని సమీక్షకుడు దాదాపు లేడు. అంచులు వంపు తిరిగిన తెర, తడిసినా రాసే పెన్ను, కంటిపాపను గుర్తుపట్టే తాళం. పొగడ్తలన్నిటికీ ఆ ఫోన్ తగిందే. నెల తిరిగిందో లేదో ఫోన్లు కాలిపోవడం మొదలైంది. సెప్టెంబరులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా విమానాల్లో దాన్ని వాడొద్దంది. అక్టోబరుకల్లా ఆ మోడల్ తయారీయే ఆగిపోయింది. 2017 జనవరిలో కారణాలు బయటికొచ్చాయి. బ్యాటరీలు ఇద్దరు సరఫరాదారులవి. ఒకరి బ్యాటరీలో మూల ఇరుకై లోపలి పొర వంగింది. రెండోవారి బ్యాటరీలో వెల్డింగ్ దగ్గర మిగిలిపోయిన మొనలు పొరల్ని పొడిచాయి.

ఆ సమీక్షల్లో అబద్ధం లేదు. ఫోన్‌ను కొద్దిరోజులు చేతిలో పెట్టుకున్న మనిషికి ఏం తెలుస్తుందో అదంతా రాశారు. తెలియాల్సింది బ్యాటరీ మూలలో ఉండిపోయింది. ఫోన్ల మంచిచెడ్డలు రాసే ఈ పనిలో ఉన్న చిక్కంతా ఇదే. పెళ్లిచూపుల్లో కాఫీ తాగి వచ్చి కాపురం ఎలా ఉంటుందో రాయమంటారు. రాస్తాం కూడా.

అందుకే కొత్త ఫోన్ చేతికొస్తే నేను దాని మూడో ఏడు ఎలా ఉండబోతుందా అని చూస్తాను. మన ఇళ్లలో ఫోన్ ఒక్కరితో తీరిపోదు. కొన్నవాడు కొంతకాలం వాడి నాన్నకిస్తాడు, నాన్న నుంచి అది పిల్లల ఆన్‌లైన్ పాఠాలకు పోతుంది, చివరికి గాజు పగిలి టేపు అంటించుకుని వంటింట్లో పాటలు పాడుతుంది. సమీక్షలు మాత్రం మొదటి చేతి గురించే ఉంటాయి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది ఇరవై వేల లోపు ఫోన్. పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఈ ధరలో అరడజను కంపెనీలు ఇంచుమించు ఇదే సరుకును రంగు మార్చి అమ్ముతున్నాయి. పెట్టె మీద అంకెలు దండిగా ఉన్నాయి. 50 మెగాపిక్సెల్ కెమెరా, 8+8 జీబీ ర్యామ్, 3000 నిట్స్ వెలుగు, 6000 ఎంఏహెచ్ బ్యాటరీ.

ఇందులో ర్యామ్ సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. మొదటి 8 నిజం. రెండో 8 స్టోరేజీలోంచి అప్పు తెచ్చినది, ర్యామ్ ముందు స్టోరేజీ నత్తనడకే. వెలుగు సంగతి అంత తేలిక కాదు. ఆ 3000 నిట్స్ తెరలో చిన్న ముక్క మీద, ప్రత్యేకమైన వీడియో ఆడుతున్నప్పుడు, కాసేపు వచ్చే వెలుగు. తెరంతా తెల్లగా ఉన్న పేజీ మీద అంత రాదు. కాబట్టి నేను మిట్టమధ్యాహ్నం హైదరాబాద్ కోఠీకి పోయి, పండ్ల బండి దగ్గర నిలబడి, యూపీఐ యాప్ తెరిచి, బండికి వేలాడే క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తాను. పంపిన మొత్తం నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకోకుండా చదవగలిగితే ఆ తెర పాసు. ఈ ఫోన్ పాసయింది. అక్కడ మార్కులు వేయాల్సిందే.

ఎండలో కనిపించడం వేరు, ఎండను తట్టుకోవడం వేరు. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ వాళ్లే రాసి పెట్టారు. మా పల్నాడులో రెంటచింతల అనే ఊరుంది. ఎండాకాలం వార్తలు వినేవాళ్లకు ఆ పేరు పరిచయమే. మే నెలలో అక్కడ 45 దాటడం వింత కాదు. ఆ లెక్కన ఏడాదిలో కొన్ని నెలలు మనం ఫోన్‌ను దాని గీత అవతలే వాడుతున్నాం. వేడెక్కిన ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి తెరను మసక చేస్తుంది, చార్జింగ్ ఆపేస్తుంది, నెమ్మదిస్తుంది. అది లోపం కాదు, జాగ్రత్త. కానీ ఏ వేడి దగ్గర ఆ జాగ్రత్త మొదలవుతుందో పెట్టె మీద ఎవరూ రాయరు. ఏసీ గదిలో గేమ్ ఆడి "వేడెక్కలేదు" అని రాసేవాళ్లను చూస్తే నాకు చిన్న అసూయ కూడా కలుగుతుంది.

బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ పెట్టుకుని, రోజంతా తిరిగే వాళ్లు మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతమంది! స్విగ్గీ, రాపిడో కుర్రాళ్లకు ఫోనే పనిముట్టు. కెమెరాలో అద్దం వణుకును సర్దుకునే ఏర్పాటు ఉంటే సమీక్షల్లో దాన్ని గొప్ప గుణంగా రాస్తాం. అయితే శక్తిమంతమైన మోటారు సైకిల్ ఇంజన్ల అదురు ఆ ఏర్పాటునే పాడు చేయవచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ హెచ్చరించింది. ఫోటోలు తీసేవాడికి వరం అనిపించినది బండి నడిపేవాడికి ఖర్చు. ఇలాంటిదాన్ని పదికి ఎనిమిది అనే మార్కుల్లో ఎక్కడ కలపాలి?

మార్కులంటే గుర్తొచ్చింది. వేగం కొలిచే యాప్‌ల అంకెల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. 2013లో ఆనంద్‌టెక్ సంస్థ గెలాక్సీ ఎస్4ను పరీక్షిస్తే, ఒక రకంలో గ్రాఫిక్స్ చిప్ వేగం కొలిచే యాప్‌లను చూసినప్పుడు 533 మెగాహెర్ట్‌జ్‌తో పరుగెత్తి, మామూలు ఆటల్లో 480 దగ్గరే ఆగిందని తేలింది. 2021లో వన్‌ప్లస్ 9 దీన్ని తిరగేసింది. క్రోమ్ లాంటి రోజూ వాడే యాప్‌లను నెమ్మదిగా నడిపి, వేగం కొలిచే యాప్‌లను వదిలేసింది. అలాంటి వేగం కొలిచే యాప్ గీక్‌బెంచ్ వాళ్లు ఆ ఫోన్లను తమ పట్టికలోంచి తీసేశారు. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మాత్రమే బడిలో పాఠం జరిగితే ఆ బడికి ఏ మార్కులిస్తాం?

కెమెరా దగ్గరికొద్దాం. గొడవలన్నీ అక్కడే. 50 మెగాపిక్సెల్ అన్న ఫోన్ మామూలుగా ఇచ్చే ఫోటో పన్నెండున్నర మెగాపిక్సెలే. పక్కపక్కనున్న నాలుగు చుక్కల్ని ఒకటిగా కలిపి, ఎక్కువ వెలుతురు పట్టిన ఒక చుక్కగా చేస్తుంది. తెలివైన పనే, మసక వెలుతురులో ఫోటో బాగా వస్తుంది. పూర్తి 50 కావాలని నొక్కితే ఫైలు బరువెక్కుతుంది, రాత్రిపూట బొమ్మ పాడవుతుంది. వెనకాల ఇంకో రెండు గుండ్రాలున్నాయి. ఒకటి 2 మెగాపిక్సెల్ మాక్రో, రెండోది కెమెరా కూడా కాదు, ఉత్త అలంకారం.

చంద్రుణ్ని ఫోటో తీసి చూపడం ఈ మధ్య సమీక్షకుల సరదా. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి బొమ్మను కావాలని మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, దీపాలార్పి, శామ్‌సంగ్ ఫోన్‌తో దూరం నుంచి తీశాడు. బొమ్మలో లేని గుంతలు ఫోటోలో వచ్చాయి. చంద్రుడు ఎలా ఉంటాడో ఫోన్‌కు ముందే నేర్పారన్నమాట. అది మోసమా, సాయమా అని అప్పట్లో పెద్ద వాదన నడిచింది. చంద్రుడితో నాకు పేచీ లేదు, ఆయన ఎలా వచ్చినా ఏమీ అనుకోడు.

పేచీ మొహాలతో. మా నాన్న మిరప చేలో కాగిన మనిషి. కొత్త ఫోన్ ఏదొచ్చినా ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ఫోటో, ట్యూబులైటు కింద ఒక ఫోటో తీస్తాను. ఈ ఫోన్ ఆయన్ని చామనఛాయ చేసి, నుదుటి గీతల్లో సగం చెరిపేసింది. బ్యూటీ సెట్టింగ్ అడక్కుండానే ఆన్ చేసి ఇచ్చారు. ఆపేశాక కూడా తెలుపు పూర్తిగా పోలేదు. కెమెరాలు నల్లటి మేనిని సరిగ్గా చూపడం లేదన్న మాటను గూగుల్ 2021లో బాహాటంగా ఒప్పుకుని, పిక్సెల్ 6 నుంచి రియల్ టోన్ అనే పేరుతో సర్దుబాటు మొదలుపెట్టింది. మన షాపుల్లో బేరం అటునుంచి నడుస్తుంది. "సెల్ఫీ సూపర్ వస్తది సార్, ఫేస్ గ్లో ఉంటది" అని చెప్పి అమ్ముతారు, ఆ గ్లో చూసే కొంటారు. అమ్మేవాడికి గుణమైన దాన్ని నేను దోషం కింద రాస్తాను. ఎవరేమనుకున్నా ఈ విషయంలో నేను మారను. ఇరవై ఏళ్ల తర్వాత నాన్న ఫోటో తీసి చూసుకుంటే అందులో నాన్నే ఉండాలి కదా.

అదే నాన్న వేళ్లు ఇంకో పరీక్ష. తెర కింద ఉండే వేలిముద్ర సెన్సర్ ఈ ధరలో ఎక్కువగా వెలుతురుతో వేలిని ఫోటో తీసే రకమే. ఆయన వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, రేషన్ షాపులోనూ తేలిగ్గా పడవు. ఫోన్ రెండుసార్లు కాదని, మూడోసారి నంబరు కొట్టమంది. అంట్లు తోమి చెయ్యి పూర్తిగా ఆరకుండా మా ఆవిడ పెట్టిన వేలినీ అది ఒప్పుకోలేదు. శబ్ద తరంగాలతో చదివే సెన్సర్ తడి వేలిని మెరుగ్గా పడుతుంది, కానీ అది ఎక్కువగా ఖరీదైన ఫోన్లలోనే దొరుకుతుంది. ముందు కెమెరాతో మొహం చూసి తెరుచుకునే తాళం ఉంది కదా అంటారేమో. ఆ సాదా తాళాన్ని చాలా బ్యాంకు యాప్‌లు నమ్మవు. సమీక్షలు రాసేవాళ్లవి చాలావరకు కీబోర్డు మీద ఆడే మెత్తటి వేళ్లు, నావి కూడా. అందుకే ఈ పరీక్ష ఇంట్లోవాళ్లకు వదిలేస్తాను.

ఇక తెలుగు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" రూపంలో కనిపించే ఒక అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. ఆ నెల 19న ఆపిల్ మరమ్మతు విడుదల చేసింది. అప్పుడు మన అక్షరం ప్రపంచమంతా వార్తయింది, నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు అంత ఘోరాలు లేవు. చిన్న చిన్న చిరాకులున్నాయి. మెనూలో వత్తుల అడుగు తెగిపోవడం, అక్షరాలు పెద్దవి చేస్తే పక్క బటన్ కిందికి జారిపోవడం. నేను "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ" అని టైపు చేసి, నోటిఫికేషన్‌లో వాటి కాళ్లు కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. ఈ ఫోన్‌లో మెసేజ్‌లో బాగున్నాయి, సెట్టింగులలో తెగాయి. "గొంతుతో తెలుగు టైపింగ్" విజయవాడ మాటను చక్కగా పట్టింది, మా అత్తగారి కడప మాట దగ్గర తడబడింది.

మూడో ఏటి సంగతి నిజంగా తెలిసినవాళ్లు రిపేరు చేసేవాళ్లు. హైదరాబాద్ అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ సందుల్లోకి పోతే, మనం ఎనిమిది పేజీలు రాసే ఫోన్‌ను వాళ్లు ఎనిమిది మాటల్లో తేల్చేస్తారు. అక్కడ నాకు పరిచయమున్న మెకానిక్ ఈ ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోన్ మంచిగుందా అని నన్నడుగుతరేంది సార్, కాంబో ఎంతకొస్తదో అడగండి" అన్నాడు. కాంబో అంటే గాజు, డిస్‌ప్లే కలిపి వచ్చే భాగం. అమోలెడ్ తెర మీద పచ్చ గీత పడిందంటే దాన్ని మొత్తం మార్చుడే. ఈ ధర ఫోన్లలో ఒరిజినల్ కాంబో వేయిస్తే ఫోన్ విలువలో మూడో వంతు అటూ ఇటూ అవుతుందని అతని లెక్క. చార్జింగ్ పిన్ విడి చిన్న బోర్డు మీద ఉంటే తక్కువలో పోతుంది, మెయిన్ బోర్డుకే అతికించి ఉంటే బేరం వేరు. ఇవేవీ కంపెనీ పంపే కాగితాల్లో ఉండవు.

యూరప్‌లో కొంత మార్పు వచ్చింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోన్ల బ్యాటరీ 800 సార్లు నిండి ఖాళీ అయ్యాక కూడా కనీసం 80 శాతం పట్టు నిలుపుకోవాలి. ఆ మోడల్ అమ్మకం ఆగాక కూడా అయిదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. కిందపడితే ఎంత తట్టుకుంటుంది, రిపేరుకు ఎంత అనువు అన్నవి లేబుల్ మీద అచ్చు వేయాలి. మన దగ్గర ఫ్రిజ్ మీద నక్షత్రాలు చూసి కొంటాం, ఫోన్ మీద అలాంటిదేమీ లేదు. పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24 లాంటి ఖరీదైనవాటికి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు మాట ఇచ్చాయి. నా బల్ల మీది ఫోన్‌కు రెండు ఆండ్రాయిడ్ మార్పులే. నాన్న చేతికి వెళ్లేసరికే అది పాతబడిపోతుంది, ఆ నాన్నే బ్యాంకు యాప్‌ను నమ్ముకుని ఉంటాడు.

డబ్బు తీసుకుని చెప్పే సమీక్షలు ఉన్నాయా అని చాలామంది అడుగుతారు. ఉన్నాయి. తీసుకున్నది డబ్బయినా ఉచిత ఫోనైనా ఆ సంగతి చెప్పి తీరాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. కంపెనీ ఇచ్చిన ఫోన్ తీసుకున్నంత మాత్రాన అబద్ధం రాయనక్కర్లేదు. అయితే షాపులో కొన్న ఫోన్‌లో మొదటిరోజే దిగే పనికిమాలిన యాప్‌లు, లాక్ స్క్రీన్ మీద ప్రకటనలు సమీక్షకు పంపిన ఫోన్‌లో అదే మోతాదులో ఉంటాయన్న హామీ లేదు. ఈ ఫోన్ నేను డబ్బు పెట్టి కొన్నదే. ప్రకటనలు ఆపడానికి సెట్టింగులలో వేర్వేరు చోట్ల తిరగాల్సి వచ్చింది.

ఇంతకీ కొనాలా? ఎండలో తిరిగి, రాత్రి మాత్రమే చార్జింగ్ పెట్టుకునేవాళ్లకు బ్యాటరీ, తెర రెండూ నికరం. పెళ్లిళ్లలో, పిల్లల పుట్టినరోజుల్లో ఫోటోలే ముఖ్యమనుకుంటే ఇంకో నాలుగు వేలు కూడబెట్టుకుని పై మోడల్‌కు పొండి. పెద్దవాళ్లకు కొనేవాళ్లు షాపులోనే వాళ్ల వేలు పెట్టించి చూడండి, ఆన్‌లైన్‌లో తెప్పించొద్దు. ఇక సమీక్షలకన్నా ముందే నాకు వచ్చే ప్రశ్న, మీ అందరి ప్రశ్న: కాల్ రికార్డింగ్ వస్తుందా? వస్తుంది. రికార్డవుతోందని అవతలివాళ్ల చెవిలో కూడా చెబుతుంది. అది ఈ ఫోన్ గుణమో దోషమో మీరు ఎవరితో మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది.