తప్పుకోలేని విమానం

కోనసీమ తీరానికి ఆవల సముద్రంలోని ఓఎన్‌జీసీ రిగ్గులకు సిబ్బందిని చేరవేసే హెలికాప్టర్లకు రాజమహేంద్రవరం పక్కనున్న మధురపూడి విమానాశ్రయమే స్థావరం. ఏటీఆర్ 72 వంటి ప్రయాణికుల విమానాలు వచ్చి ఆగేదీ అక్కడే కాబట్టి, ఎగరగలిగేదీ నిలిచి ఉన్నదీ ఒకదాని పక్కన ఒకటి ఎలా మసలాలన్నది అక్కడ నిత్యం ఎదురయ్యే ప్రశ్న.

రోటరు, అంటే తల మీద తిరిగే రెక్కల చక్రం, ఎవరికైనా కనిపించే ప్రమాదమే గాని, కనిపించనిది దాని కింది గాలి. నాలుగు టన్నులు దాటిన బరువుతో, సుమారు 12 మీటర్ల రోటరుతో డాఫిన్ హెలికాప్టరు గాలిలో నిలవాలంటే, లెక్క ప్రకారం రోటరు దగ్గర గంటకు 45 కిలోమీటర్ల వేగం ఉన్న గాలి కిందికి వచ్చేసరికి దాదాపు రెట్టింపై, నేలను కొట్టుకుని నలుదిక్కులా పరుచుకుంటుంది. దీన్నే డౌన్‌వాష్ అంటారు. బరకం కప్పని ఇసుక లారీ వెనుక జొన్నాడ వంతెన ఎక్కిన మోటారుసైకిలువారికి గాలి రేపే ఇసుక సంగతి వివరించనక్కర్లేదు.

ఏటీఆర్ రెక్కల అంచున కదిలే ఐలరాన్ పలకలకు హైడ్రాలిక్ దన్ను లేదు, అవి తీగలతోనే కదులుతాయి. అందుకే విమానం ఆగాక ఇలాంటి గాలికి కొట్టుకోకుండా వాటిని బిగించే గస్ట్ లాక్ వేయడం, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టడం తప్పనిసరి. చక్రాలున్న హెలికాప్టరు నేల మీద దొర్లితే బరువు నేలే మోస్తుంది గనుక గాలి దెబ్బ చాలా తగ్గుతుంది. గొట్టాల కాళ్లు మాత్రమే ఉన్నదానికి కాస్త పైకి లేచి తేలుతూ సాగడం, అంటే హోవర్ టాక్సీ, తప్పదు. చక్రాలుండీ తేలుతూ పోవడం, అదీ ఆగి ఉన్న విమానం పక్కన, తొందర తప్ప మరొకటి కాదు.

తేలుతున్న హెలికాప్టరుకు మూడు రోటరు వ్యాసాల లోపలికి, డాఫిన్ విషయంలో సుమారు 36 మీటర్ల లోపలికి, రావద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ సూచించింది చిన్న విమానాలు నడిపేవారికి. పైలట్ లేని విమానం ఆ సూచన పాటించలేదు కాబట్టి, ఆ దూరం పాటించవలసినది హెలికాప్టరు పైలటే. తప్పనిసరై దగ్గరగా పోవలసివస్తే గాలివాటం చూడాలి: నైరుతి గాలి వీచే రోజున విమానానికి ఈశాన్యంగా సాగితే, రేగిన దుమ్ము విమానం మీదికి కాక అవతలికి పోతుంది.