హోరులో పాట

గిటార్ యాంప్ స్పీకర్ ముందు రెండు మైకులు. రెండూ షూర్ ఎస్‌ఎం57లే. కచేరీ వేదికల మీద తరచూ కనిపించే మామూలు రకం. ఒకటి స్పీకర్‌కేసి తిన్నగా చూస్తుంది. రెండోది దాని పక్కనే, మూతికి మూతి ఇంచుమించు తగిలేలా, సుమారు 45 డిగ్రీలు వాలి అదే చోటును చూస్తుంది. తిన్నగా ఉన్న మైకు పదును పట్టుకుంటే, వాలిన మైకు నిండుదనం పట్టుకుంటుంది. రెండూ తగుపాళ్లలో కలిస్తే గిటార్ పదునుగానూ, బరువుగానూ వినిపిస్తుంది. రికార్డింగ్ పనివాళ్లు దీన్ని ‘ఫ్రెడ్‌మన్ టెక్నిక్’ అంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్టూడియో ఫ్రెడ్‌మన్ పెట్టిన గిటారిస్టు, ప్రొడ్యూసర్ ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రోమ్ వల్ల వచ్చిన పేరది.

గోథెన్‌బర్గ్ పడమటి తీరంలో ఓడరేవు. వోల్వో కార్లకూ ఎస్‌కేఎఫ్ బేరింగులకూ పుట్టిల్లు. స్వీడన్‌లో పురపాలక సంఘాలే పిల్లలకు సంగీత పాఠశాలలు నడుపుతాయి. కుర్రాళ్ల బృందాలకు సాధన గదులు దొరికేలా చూసే అధ్యయన సంఘాలూ ఉన్నాయి. 1990ల మొదట్లో ఈ ఊళ్లో ఎట్ ది గేట్స్, డార్క్ ట్రాంక్విలిటీ, ఇన్ ఫ్లేమ్స్ అనే మూడు బృందాలు గర్జనలతో హోరెత్తే డెత్ మెటల్ సంగీతంతో తంటాలు పడుతున్నాయి. అప్పటికే రాజధాని స్టాక్‌హోమ్‌కు తనదంటూ ఒక ధ్వని ఉంది. సన్‌లైట్ స్టూడియోలో తోమస్ స్కోగ్స్‌బెర్గ్ రికార్డు చేసిన ఎన్‌టూమ్డ్ బృందం ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ 1990లో వచ్చింది. బాస్ కంపెనీ హెచ్‌ఎం-2 పెడల్ మీద నాబులన్నీ చివరికంటా తిప్పితే పుట్టే ఆ శబ్దం కోతమిల్లులో రంపం అరుపులా ఉంటుంది. గోథెన్‌బర్గ్ కుర్రాళ్లకు ఆ బలమూ కావాలి, ఐరన్ మెయిడెన్ బృందం జంట గిటార్లు పాడే పాటా కావాలి.

చిక్కంతా అక్కడే. డెత్ మెటల్ గాయకుడు గర్జిస్తాడు. ఆ గర్జనలో లయ ఉంటుంది, ఆవేశం ఉంటుంది, స్వరస్థానం నిలవదు. కాబట్టి పాటను మోయాల్సిన భారం గిటార్ల మీద పడుతుంది. ఒక గిటార్ షడ్జమం పట్టుకుంటే రెండోది గాంధారం అందుకుంటుంది. అలా రెండు మెట్ల ఎడంతో జంటగా ఎక్కుతాయి, జంటగా దిగుతాయి. కానీ బాగా డిస్టార్షన్ పెట్టిన, అంటే ధ్వనిని గరుకుగా చీల్చే, ఒకే యాంప్‌లోకి ఈ రెండు స్వరాలనూ కలిపి పంపితే ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎవరూ వాయించని కొత్త స్వరాలు పుడతాయి. అంతా బురదవుతుంది. అందుకే ఏ వరసకు ఆ వరస విడిగా వాయించి, విడిగా రికార్డు చేస్తారు.

కింది తీగల మీద నడిచే బరువైన వరసలకు ఇంకో శ్రమ ఉంది. గిటారిస్టు అదే వరసను రెండుసార్లు వాయించాలి, ఎడమ వైపుకు ఒకటి, కుడి వైపుకు ఒకటి. ఒక్కసారి వాయించి దాన్నే రెండు వైపులా పెడితే ధ్వని నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. చేత్తో రెండుసార్లు వాయిస్తేనే వెంట్రుకవాసి తేడాలు వస్తాయి, ఆ తేడాల వల్లనే వెడల్పు వస్తుంది. అయితే తేడా వెంట్రుకవాసి దాటకూడదు. భజనలో పదిమంది చిడతలు ఒక్క దెబ్బగా పడినట్టు పడాలి.

ఇక మైకుల సంగతి. రెండు మూతులూ స్పీకర్‌కు సమాన దూరంలో లేకపోతే అదే ధ్వని ఒకదానికి ముందు, మరొకదానికి వెనక చేరుతుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 5 సెంటీమీటర్ల తేడా ఉందంటే 3,400 హెర్ట్జ్ దగ్గర ఒక అల లేచేసరికి రెండోది పడుతుంది. రెండూ కలిస్తే ఆ భాగం చప్పబడిపోతుంది. తీగను మీటిన పదును చెవికి తెలిసేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. అందుకే గిటారిస్టు ఒకే వరసను పదేపదే మోగిస్తుంటే ఇంజనీరు మైకును గోరంత జరిపి వింటాడు, మళ్లీ గోరంత జరిపి వింటాడు.

ఈ ఓపిక ఫలం 1995 చివరికల్లా బయటికొచ్చింది. ఎట్ ది గేట్స్ ‘స్లాటర్ ఆఫ్ ది సోల్’, డార్క్ ట్రాంక్విలిటీ ‘ది గ్యాలరీ’ ఆ ఏడాదే వచ్చాయి. 1996 మొదట్లో ఇన్ ఫ్లేమ్స్ ‘ది జెస్టర్ రేస్’ వచ్చింది. మూడూ స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో తయారైనవే. లోకం దాన్ని ‘గోథెన్‌బర్గ్ సౌండ్’ అంది. ఆ తర్వాత స్టాక్‌హోమ్ నుంచి ఓపెత్, నార్వే నుంచి డిమ్ము బోర్గిర్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నుంచి బ్రింగ్ మీ ది హొరైజన్ నార్డ్‌స్ట్రోమ్‌ను వెతుక్కుంటూ వచ్చాయి. 2000ల మొదట్లో అమెరికాలో లేచిన మెటల్‌కోర్ కెరటంలో ఈ జంట గిటార్ల వరసలు తేటగా వినిపిస్తాయి.

స్టూడియో గాజు అద్దం ఇవతల కూర్చోవడంతో నార్డ్‌స్ట్రోమ్ సరిపెట్టుకోలేదు. 1999లో డ్రీమ్ ఈవిల్ బృందం కట్టి తానే గిటార్ పట్టాడు. గ్రీసు గిటారిస్టు గస్ జి తోడుగా 2002లో ‘డ్రాగన్‌స్లేయర్’, 2004లో ‘ది బుక్ ఆఫ్ హెవీ మెటల్’ వచ్చాయి. అక్కడ గర్జన లేదు. గొంతెత్తి పాడే పాత తరం హెవీ మెటల్ అది. గర్జించే బృందాల రికార్డుల్లో ఆయన పాటనే ఎందుకు కాపాడాడో ఈ రెండూ వింటే అర్థమవుతుంది. ఆయన మనసు మొదటినుంచీ పాట మీదే ఉంది.

ఒకే చోట తయారైనవన్నీ ఒకేలా వినిపిస్తాయని కొందరి ఫిర్యాదు. నేను ఒప్పుకోను. ఓపెత్ ‘బ్లాక్‌వాటర్ పార్క్’ 2001లో వచ్చింది. స్టీవెన్ విల్సన్ ప్రొడ్యూసర్‌గా ఉన్న ఆ రికార్డు తయారైంది కూడా ఈ స్టూడియోలోనే. అందులో హోరు ఆగి అకూస్టిక్ గిటార్ ఒంటరిగా మోగే ఘట్టాలను ‘స్లాటర్ ఆఫ్ ది సోల్’ ఊపిరాడనివ్వని వేగం పక్కన పెట్టి వినండి. ఇల్లు ఒకటే, కాపురాలు వేరు.

ఇప్పుడు మైకూ యాంపూ లేకుండా కంప్యూటర్‌లోనే గిటార్ రికార్డు చేసుకునే కుర్రాళ్లకు ఆ రెండు మైకుల ధ్వని సాఫ్ట్‌వేర్‌లో ఫ్రెడ్‌మన్ పేరుతోనే దొరుకుతోంది. మంచిదే. ఆ మీట నొక్కే ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘ది జెస్టర్ రేస్’ ఒక్కసారి వినాలి. మొదట ఎడమ చెవితో, తర్వాత కుడి చెవితో, ఆపైన రెండింటితో. డ్రమ్ములూ గర్జనా అంతగా ముంచెత్తుతున్నా రెండు గిటార్లు చేయీ చేయీ పట్టుకుని నడుస్తుంటాయి, ఏ ఒక్కటీ తప్పిపోదు.