బయాఫ్రా సాహిత్యంలో ఆకలి

ఆకలిని వర్ణించడం సాహిత్యానికి కొత్త కాదు. ఆకలి ఏ విధంగా కల్పింపబడుతుందో చెప్పడం మాత్రం అరుదు. వానలు కురియక వచ్చే కరవు వేరు. మనుషులే మనుషులకు తిండి అందకుండా చేసినప్పుడు వచ్చే క్షామం వేరు. రెండవదానికి కారకులుంటారు, దానివల్ల లాభపడేవారుంటారు, చూస్తూ ఊరుకునేవారుంటారు. 1967 నుంచి 1970 వరకు నైజీరియాలో సాగిన అంతర్యుద్ధం ఇట్టి క్షామాన్నే సృష్టించింది. అందులోనుంచి పుట్టిన రచనలు ఈ భేదాన్ని ఎంతవరకు పట్టుకోగలిగాయన్నది పరిశీలింపదగిన విషయం.

1966లో ఉత్తర ప్రాంతంలో జరిగిన ఊచకోతల తరువాత ఇగ్బో ప్రజలు లక్షల సంఖ్యలో తూర్పునకు తరలివచ్చారు. 1967 మే 30న ఆ ప్రాంతం బయాఫ్రా అనే పేరుతో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది. జూలైలో యుద్ధం ఆరంభమైంది. ఫెడరల్ ప్రభుత్వం నేలమీదా సముద్రంమీదా దిగ్బంధం విధించింది. 1968 మేలో పోర్ట్ హార్కోర్ట్ పడిపోవడంతో బయాఫ్రాకు సముద్రమార్గమే లేకుండా పోయింది. ఉత్తరాది పశువుల మాంసం, నార్వే నుంచి వచ్చే ఎండుచేప ఆగిపోయాయి, ఉప్పు బంగారమైంది. ప్రధానంగా మిగిలినది కర్రపెండలం. దానితో కడుపు నిండుతుంది గాని మాంసకృత్తులు లభించవు. పిల్లల జుట్టు ఎర్రబారి, కాళ్లు వాచి, పొట్టలు ఉబ్బే క్వాషియోర్కర్ వ్యాధి అందువల్లనే వ్యాపించింది. మృతుల సంఖ్యపై అంచనాలు 5 లక్షల నుంచి 30 లక్షల దాకా ఉన్నాయి. ఉలి అనే చోట రహదారినే విమానాశ్రయంగా మార్చి, రాత్రివేళ చీకటిలో చర్చి సంస్థలు ఆహారం దింపేవి. పగటి విమానాలకూ భూమార్గానికీ షరతులు కుదరలేదు. ఆ బేరంలో ఉభయపక్షాలకూ రాజకీయమే ముందుకు వచ్చింది.

1968లో ఆ పిల్లల ఛాయాచిత్రాలు ప్రపంచాన్ని కదిలించాయి. కదిలించడం అవసరమే. కాని ఆ చిత్రాలలో బిడ్డకు పేరు లేదు, తల్లి లేదు, నిన్నటి రోజు లేదు. చినువా అచెబె ఈ లోపాన్ని గుర్తించినట్లు తోస్తుంది. శరణార్థి శిబిరంలోని తల్లిని గురించి ఆయన రాసిన కవితలో ఆమె చావబోతున్న బిడ్డకు తల దువ్వుతుంది. మరొక కాలంలో బిడ్డను బడికి పంపే ముందు ఏ తల్లీ ఆలోచించకుండా చేసే పని అది. కవి జాలిని యాచించడు, పోయినదేమిటో చూపుతాడు.

‘గర్ల్స్ ఎట్ వార్’ కథలో ఆయన మరింత కఠినమైన ప్రశ్న వేశాడు. న్యాయశాఖలో అధికారి అయిన న్వాంక్వో సహాయక గిడ్డంగి నుంచి తిండి సామగ్రి కారులో వేసుకుంటాడు. బయట నిలిచిన బక్కచిక్కిన జనం అతనిని ఎగతాళి చేస్తారు. అతడు సిగ్గుపడతాడు, సామగ్రిని మాత్రం తిరిగి ఇవ్వడు. ఇంటిదగ్గర పిల్లలున్నారు, కారు తోలేవానికీ సంసారముంది. దుర్మార్గుడు కాని మనిషి అన్యాయంలో భాగస్థుడు కావడమెట్లో తెలిపే ఈ ఘట్టానికి యుద్ధసాహిత్యంలో సాటివచ్చేవి తక్కువ.

అయితే అదే కథలో అచెబె తక్కెడ ఒక పక్కకు ఒరిగింది. తనిఖీ కేంద్రంలో నిష్ఠగా పనిచేసిన గ్లాడిస్, తరువాత సవరపు జుట్టుతో, ఖరీదైన దుస్తులతో కనిపిస్తుంది. న్వాంక్వోకు ఆత్మపరిశీలన దక్కింది. ఆమెకు దక్కినది తీర్పు. ఆమె చెడిన సమాజానికి ప్రతిబింబమని అతడు గ్రహించినా, ఆ గ్రహింపు అతనిదే గాని ఆమెది కాదు. వైమానిక దాడిలో, అంగవైకల్యం పొందిన సైనికునికి తోడ్పడబోయి ఆమె మరణిస్తే గాని కథకు ఆమెపై గౌరవం నిలవదు. తిండికోసం పురుషుడు చేసినది నిస్సహాయత, స్త్రీ చేసినది పతనం అనే కొలత ఇందులో మిగిలిపోయింది.

ఈ కొలతను స్త్రీలే సరిదిద్దారు. ఫ్లోరా న్వాపా ‘నెవర్ అగైన్’ (1975)లో విజయప్రచారానికీ మూటలు కట్టుకునే స్త్రీ భయానికీ మధ్య ఘర్షణను చిత్రించింది. యుద్ధం ముగిసిన ఏడేళ్లకు పుట్టిన చిమమాండా న్గోజీ అడీచీ ‘హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్’ (2006)లో ఓలన్నాను సహాయకేంద్రపు వరుసలో నిలబెట్టింది. ఒక మాంసపు డబ్బా దొరకడం, దారిలో సైనికులు దానిని లాక్కోవడం - ఒక దేశపు పతనాన్ని చెప్పడానికి ఈ చిన్న ఘటన చాలింది. శత్రురేఖ దాటి సరుకులు తెచ్చే వర్తకానికి వెళ్లిన కైనీనె తిరిగిరాదు. ఆ ప్రమాదకరమైన బేరం ఇక్కడ స్త్రీల వ్యవహారదక్షతగా నిలుస్తుంది, నీతిహీనతగా కాదు.

మన దేశంలో 1943 నాటి వంగ క్షామం బిజన్ భట్టాచార్య ‘నవాన్న’ (1944) నాటకానికి ప్రేరణ అయింది. అది అంతర్యుద్ధం కాదు. కాని అక్కడా బియ్యం ఎక్కడికి పోయిందన్నదే ప్రశ్న. పౌరులను పస్తులుంచడాన్ని యుద్ధపద్ధతిగా వాడరాదని 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడికలు నిషేధించాయి. 2018లో భద్రతామండలి తీర్మానం దానిని మళ్లీ ఖండించవలసి వచ్చింది. చట్టం నేరానికి పేరు పెట్టగలదు. గిడ్డంగి తలుపు దగ్గర నిలిచిన మనిషి ఏమి అనుకున్నాడో, వరుస చివర నిలిచిన తల్లి ఇంటికి ఏమి తీసుకుపోయిందో చెప్పడం మాత్రం రచయిత పని. ఆకలిని వస్తువుగా తీసుకునే రచయిత ఎముకలను లెక్కించడంతో ఆగక, ఆ ఇంటికి రావలసిన గింజలు ఎవరి చేతుల మీదుగా ఎటు పోయాయో కూడా విచారించాలి.