211 చుట్ల పందెం

ఇండోర్ మారథాన్ మాటెత్తితే చాలు, ‘గానుగెద్దు తిరుగుడేగా’ అని నవ్వేస్తారు. 2018లో న్యూయార్క్‌లోని ఆర్మరీ ట్రాక్ మీద మాల్కమ్ రిచర్డ్స్ 2 గంటల 19 నిమిషాల 1 సెకనులో మారథాన్ ముగించాడు. ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లు. అంటే చుట్టుకు 40 సెకన్లు కూడా పట్టలేదు. అలా 211 చుట్లు! నవ్వేవాళ్లు ఆ వేగంతో ఒక్క పది చుట్లు తిరిగి చూపించమనండి.

దీని లెక్కే ముచ్చటగా ఉంటుంది. 42,195 మీటర్లకు 210 నిండు చుట్లు, ఆపైన 195 మీటర్లు. ఆ అయిదు మీటర్ల తేడాను గీత జరిపి సరిచేస్తారు. అసలు పనితనం మలుపులో తెలుస్తుంది. లోపలి అంచుకు ఒక్క మీటరు ఎడంగా పరుగెత్తారో, చుట్టుకు ఆరు మీటర్ల పైచిలుకు అదనం. అన్ని చుట్లూ అలాగే తిరిగితే 1,300 మీటర్లు ఉత్తపుణ్యానికి పరుగెత్తినట్టు. అందుకే ఆరితేరినవాడు మలుపులో ఎవరినీ దాటడు. ముందువాడి వీపు చూస్తూ ఓపిక పట్టి, తిన్నని దారి రాగానే కుడివైపు నుంచి దాటి మళ్లీ అంచుకు చేరతాడు. మలుపుల దగ్గర ట్రాక్ ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు జోరుగా పరుగెత్తేవాళ్ల కోసం కట్టింది. మారథాన్ వేగానికి చీలమండలు పక్కకు ఒరిగి, రెండు కాళ్ల మీదా భారం సమానంగా పడదు. అందుకే కొన్ని పోటీల్లో మధ్యలో దిశ మారుస్తారు. ఇన్ని బాధలుపడి అదే ట్రాక్ మీద, అదే ఏడాది లిండ్సే షెర్ఫ్ 2:40:55లో ముగించిందంటే చేతులెత్తి మొక్కాలి.

చరిత్ర పాతదే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో గీత దగ్గర కుప్పకూలి, ఇతరులు లేపి నడిపించారని పతకం పోగొట్టుకున్న దొరాండో పియెత్రి ఆ నవంబరులోనే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్వర్ణ విజేత జానీ హేస్‌ను ఓడించాడు. మైలుకు పది చుట్ల ట్రాక్, హాలంతా చుట్టపొగ అంటారు. తర్వాతి నెల అక్కడే టామ్ లాంగ్‌బోట్ చేతిలో ఓడిపోయాడు, సరే. నాకు మాత్రం దొరాండోయే వీరుడు. 1909లో లండన్ ఆల్బర్ట్ హాల్లో కొబ్బరిపీచు పట్టాలు పరిచి 524 చుట్ల పందెం పెట్టారు. పాపం, అక్కడ మధ్యలో మానుకున్నాడు. ప్రత్యర్థి గార్డ్‌నర్ గెలిచాడు. ఆ పీచు మీద అంతసేపు నిలిచినా గొప్పే!

ఇప్పుడేమో డబ్బు కడితే పతకం కొరియర్లో ఇంటికొస్తోంది. ట్రెడ్‌మిల్ మీద కాసేపు ఊగి, యాప్‌లో తీసిన ఫొటో పెట్టి ‘ఇండోర్ మారథాన్ ఫినిషర్’ అంటున్నారు. మలుపేది? పక్కన ప్రత్యర్థి ఏడి? కొలిచిన గీత, చుట్లు లెక్కపెట్టే మనిషి లేకుండా మారథానా? కొలత లేని పరుగుకు పతకం ఇవ్వడం నిజంగా పరుగెత్తినవాణ్ణి అవమానించడమే. పెద్దల తీరూ అంతంతమాత్రమే. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఇండోర్ రికార్డుల పట్టికలో మారథాన్‌కు చోటే లేదు.

మన సంగతీ చెప్పుకోవాలి. ఆగస్టు ఉక్కలో ఫ్లైఓవర్లెక్కి హైదరాబాద్ మారథాన్ పరుగెత్తే జనానికి కొదవ లేదు. ఇండోర్‌లోనూ మనవాళ్లు తక్కువేం కాదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2024లో ఆసియా ఇండోర్ పోటీల్లో 60 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం తెచ్చింది. ఆమె సాధన చేసింది భువనేశ్వర్‌లో. అక్కడి కళింగ స్టేడియంలో ఇప్పుడు 200 మీటర్ల ఇండోర్ ట్రాక్ కూడా ఉంది. విగ్రహాలకూ స్వాగత ద్వారాలకూ దొరికే డబ్బులో కొంత మళ్లించి అలాంటి ట్రాక్ హైదరాబాద్‌లో ఒకటి, విశాఖలో ఒకటి కట్టండి మహాప్రభో. చుట్లు లెక్కపెట్టడానికి జీతం లేకుండా మేమొస్తాం.